రోగము రాకమున్నే మ్రింగు మాత్ర

దోహా నగరమునందలి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో నివసించు తెలుగువాడు, జగిత్యాల నుండి వచ్చిన డ్రైవరు గానిండు, రాజోలు నుండి వచ్చిన వంటవాడు గానిండు, గుంటూరు నుండి వచ్చిన ఇంజనీరు గానిండు, ఒక రక్తపరీక్షను దాటి వచ్చినవాడే. నివాసానుమతి కావలెనన్న క్షయ, కామెర్లు, హెచ్.ఐ.వి. మొదలగు వ్యాధులు లేవని ఋజువు కావలెను. 2019 నుండి ఈ పరీక్షల తతంగము హైదరాబాదులోని ఖతార్ వీసా కేంద్రమునందే, వ్రేలిముద్రలిచ్చి ఒప్పందపత్రముపై సంతకము చేయునప్పుడే, జరుగుచున్నది. దాటినవాడు పెట్టె సర్దుకొనును. దాటనివాడు ఊరిలోనే ఆగిపోవును. ఇక అక్కడ పనిలో కుదిరిన పిమ్మట హెచ్.ఐ.వి. సోకినదని తేలిన ప్రవాసికి అనుమతి రద్దుచేసి స్వదేశమునకు పంపివేయుట ఆ దేశపు ఆచారము.

ఇందువలన మనవారి మనస్సులలో ఒక విచిత్రమైన ధీమా పాతుకొనిపోయినది. ‘ఫిట్’ అని ముద్రపడిన ఆ కాగితము పెట్టె అడుగున ఉన్నంతకాలము తమకేమియు కాదని తలచువారు పెక్కురు. కాని ఆ కాగితము చెప్పునది గతమును గూర్చిన ఒక చిన్న మాట: రక్తమిచ్చిన దినమునకు కొన్ని వారముల వెనుకటివరకు ఈ మనుష్యునకు ఆ క్రిమి సోకలేదు. అంతే. ప్రయోగశాలలో చేయు మేలైన పరీక్షయు సోకిన పిదప 18 మొదలు 45 దినములు గడచినగాని నిశ్చయముగా పట్టుకొనలేదు; వ్రేలు గ్రుచ్చి చుక్క రక్తముతో చేయు పరీక్షకైన మూడు నెలలవరకు గడువీయవలసియుండును. రేపటి సంగతి, ఎల్లుండి సంగతి, రెండు సంవత్సరముల తరువాత సెలవుపై ఇంటికి పోయిననాటి సంగతి ఏ ముద్రయు చెప్పజాలదు.

ఆ రాబోవు దినములను గూర్చి చేయదగినదొకటి ఈ పదునైదేండ్లుగా వైద్యశాస్త్రమునకు చిక్కినది. వ్యాధి సోకని మనుష్యుడు, సోకు అవకాశమున్న కాలములో, ముందుగనే తీసికొను నివారణౌషధమది. వైద్యులు దానిని ప్రెప్ అని పిలుచుచున్నారు. ఇది అందరికిని కావలసినది కాదు. అట్లని చెడుత్రోవ పట్టినవారికే కావలసినదను అపోహయు నిలువదు. ఎవరికి, ఎప్పుడు, ఎంతకాలము కావలెనో నిర్ణయించుకొను విధమును విచారించుటకే ఈ వ్యాసము.

మొదట ఆ వస్తువును చూతము. తెల్లని ప్లాస్టిక్ డబ్బా, లోపల ముప్పది మాత్రలు, తేమను పీల్చుకొనుటకు ఒక చిన్న పొట్లము. డబ్బాపై రెండు మందుల పేర్లుండును: టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ ఫ్యూమరేట్ 300 మిల్లీగ్రాములు, ఎమ్‌ట్రిసిటాబిన్ 200 మిల్లీగ్రాములు. అక్షరములను పరికించి చూచినచో తయారుచేసిన ఊరు పెక్కుసార్లు మన హైదరాబాదు చుట్టుపట్లనే కనబడును. ప్రపంచములో ఈ తరగతి మందులలో గొప్పభాగమును హెటిరో, అరబిందో, లారస్ వంటి మన సంస్థలే వండి పంపుచున్నవి. ఆఫ్రికాలోని ఒక పల్లెటూరి ఆసుపత్రిలో పేరు తెలిసిన ఈ మాత్రను గూర్చి, అది పుట్టిన గడ్డమీది వారిలోనే వినినవారు కొలదిమంది యగుట నాకు చిత్రముగా తోచును.

అది పనిచేయు తీరు ఇది. హెచ్.ఐ.వి. తనంతట తాను పెరుగలేదు. రక్తములోని సీడీ4 అను రక్షకకణమున దూరి, తన ఆర్.ఎన్.ఏ. లిపిని ఆ కణమునకు తెలిసిన డి.ఎన్.ఏ. లిపిలోనికి తిరుగవ్రాసికొని, కణముచేతనే తన సంతతిని తయారుచేయించుకొనును. ఆ తిరుగవ్రాతలో ఒక్కొక్క అణుఖండమును వరుసగా కూర్చవలెను. మల్లెలు కట్టు ఆమె చేతికి నడుమ కాడలేని పువ్వొకటి అందినదనుకొనుడు; దాని తరువాత ముడి నిలువదు, దండ అక్కడనే ఆగిపోవును. టెనోఫోవిరును ఎమ్‌ట్రిసిటాబినును క్రిమికి అందించునవి అట్టి కాడలేని పువ్వులే. అవి కణములో సిద్ధముగా ఉన్నచో క్రిమి లోనికి వచ్చియు నిలదొక్కుకొనలేక నశించును. కణములో లేనినాడు డబ్బాలో ఎన్ని మాత్రలున్నను ఫలము శూన్యము.

ఈ చివరిమాట నేనేదో నీతికై చెప్పినది కాదు. పరీక్షలు తేల్చిన సత్యము. 2010 నవంబరులో వెలువడిన ఐప్రెక్స్ పరిశోధనలో, ఆరు దేశములకు చెందిన 2,499 మంది పురుషులును ట్రాన్స్ స్త్రీలును పాల్గొనగా, మాత్ర ఇచ్చిన వర్గమున వ్యాధి సోకుట 44 శాతము తగ్గినది. సగమైనను లేదే యని పెదవి విరువదగిన సంఖ్య. కాని రక్తమున మందు జాడ కనబడినవారిని వేరుచేసి లెక్కించినప్పుడు రక్షణ తొంబది శాతమును దాటినది. కెన్యా, ఉగాండా దేశములలో భార్యాభర్తలలో ఒకరికే వ్యాధియున్న 4,747 జంటలపై జరిగిన పరీక్షలో ఈ జోడుమందు 75 శాతము రక్షణ నిచ్చినది. ఈ రెండింటి ఆధారముతో 2012 జులై 16న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని నివారణకై అంగీకరించినది. 2015 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, సోకు ప్రమాదము గణనీయముగా ఉన్న ప్రతివారికిని ఇవ్వదగినదని సిఫారసు చేసినది.

ఇక దీనికి విరుద్ధమైన కథ. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే దేశముల స్త్రీలపై జరిగిన ‘వాయిస్’ అను పరీక్షలో ఈ మాత్ర ఏమాత్రమును పనిచేయలేదు. పండితులు విస్తుపోయి రక్తపు నమూనాలను పరీక్షింపగా మూడవ వంతుకన్న తక్కువవాటిలోనే మందు కనబడినది. స్త్రీలు మాత్రలు తీసికొని వెళ్లిరి, మ్రింగలేదు. ఎందుకు మ్రింగలేదని అడుగగా వచ్చిన సమాధానములలో ముఖ్యమైనది, డబ్బాను ఇంటిలో ఎవరైన చూచినచో తమకే ఆ రోగమున్నదని అనుకొందురను భయము.

ఆ భయము ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. విమానాశ్రయము 2014లో హమద్ పేర సముద్రపుటొడ్డునకు తరలిపోయినను పేటకు పాతపేరు మిగిలినది. మెట్రో స్టేషనుపై అల్ మతార్ అల్ ఖదీమ్ అని నేటికిని వ్రాసియున్నది. ఇచటి పాత విల్లాలను చెక్కపలకలతో గదులుగాను, గదులను తెరలతో పడకలుగాను విడదీసి అద్దెకిచ్చు పద్ధతికి బెడ్‌స్పేస్ అని పేరు. ఒక గదిలో మూడు రెండంతస్తుల మంచములు. తలగడ ప్రక్క మేకునకు వ్రేలాడు లులూ సంచిలో సబ్బు, బ్రష్షు, పాస్‌పోర్టు నకలు, నొప్పి మాత్రలు. అట్టి సంచిలో ఈ డబ్బా పడినది. పై మంచము మనుష్యుడు దానిని తీసి అటునిటు త్రిప్పి, “ఏం గోలీలు రా తమ్మీ ఇవి?” అనును. “విటమిన్లు అన్నా” అని వీడనును. అన్న ఊరకుండునా? సెల్‌ఫోనులో ఆ పేరు కొట్టును, హెచ్.ఐ.వి. అను మూడక్షరములు తెరపై ప్రత్యక్షమగును. ఎందుచేతననగా, ఇవే రెండు మందులు మూడవదానితో కలిసి ఆ వ్యాధికి చికిత్సగాను పనిచేయును. సోకకుండుటకు వాడువాడు సోకినవాడుగా ముద్రపడుట ఈ మాత్రకున్న పెద్ద చిక్కు.

కావున నిర్ణయమునకు పూనుకొనువాడు ముందుగా తన్ను తాను అడుగవలసినది తన శీలమును గూర్చిన ప్రశ్న గాదు. తన పరిస్థితిని గూర్చినది. ఈ క్రిమి సోకు మార్గములు పరిమితములు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రము వేసిన లెక్క ననుసరించి, వ్యాధి ఉండి చికిత్స పొందని మనుష్యునితో ఏ రక్షణయు లేక యోని సంభోగము జరిగినచో పదివేల పర్యాయములకు స్త్రీకి 8, పురుషునకు 4 పర్యాయములు సోకు అవకాశము. గుదసంభోగమున స్వీకరించు భాగస్వామికి 138. ఒకరు వాడిన సూదిని మరియొకరు వాడినచో 63. కలిసి భుజించుటచేతను, ఒకే మరుగుదొడ్డిని వాడుటచేతను, దోమకాటుచేతను సోకదు. సంఖ్యలు స్వల్పముగా కనబడుచున్నవని నిశ్చింత పడరాదు. ఎదుటివారికి వ్యాధి కొత్తగా సోకిన మొదటి వారములలోను, ఎవరికైన మర్మావయవములపై పుండున్నపుడును ఇవి పలురెట్లు పెరుగును, సోకుటకు ఒక్క పర్యాయము చాలును.

ఈ లెక్కను ముందుంచుకొని ఉన్నది ఉన్నట్లు పలికినచో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లోని మనవారిలో అధికసంఖ్యాకులకు ఈ మాత్రతో పనిలేదు. పగలెల్ల పని, రాత్రి ఇంటికి వీడియో కాలు, శుక్రవారము బట్టలుతుకుట, నెలాఖరున డబ్బు పంపుట, ఇదియే వారి జీవితము. గల్ఫు పోయినవాడనగానే అనుమానించు అలవాటు మన ఊళ్లలో కొందరికున్నది, అది అన్యాయము. అయినను, ఎవరి కుండవచ్చునో వారిని పేర్కొనక తప్పదు. ఒకరికంటె హెచ్చుమందితో, లేదా స్థితి తెలియనివారితో, నిరోధ్ లేక సంబంధముండుచున్న పురుషుడు గాని స్త్రీ గాని. పురుషులతో సంబంధముగల పురుషుడు. గడచిన ఆరు నెలలలో సవాయి, సెగ వంటి సుఖవ్యాధి సోకినవాడు. సూదితో మత్తుమందు ఎక్కించుకొనువాడు. భర్తకు గాని భార్యకు గాని వ్యాధి ఉండి, చికిత్స ఇంకను పూర్తి ఫలమీయని ఇల్లు. వీరు వైద్యునితో ఈ మాటను ప్రస్తావింపదగినవారు. ఈ స్థితులన్నియు వచ్చిపోవునవి. నేడు అవసరమైనవానికి రెండేండ్ల తరువాత అవసరముండకపోవచ్చును. నేను దీనిని ఒక జాతి మనుష్యులకు సంబంధించిన మందుగా గాక, జీవితములో ఒక కాలమునకు సంబంధించిన మందుగా భావించుటకు ఇదియే కారణము.

పైనుదాహరించిన వారిలో చివరగా చెప్పిన ఇంటిని గూర్చి విస్తరించి వ్రాయవలసియున్నది, ఏలననగా మన తెలుగు దేశమున ప్రెప్ నిజముగా ఎవరికి కావలెనో వెదకుచు పోయినచో మనము దోహాలో గాక కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల వాకిళ్లలోనే తేలుదుము. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023 అంచనాల ప్రకారము దేశమున వయోజనులలో ఈ వ్యాధి 0.20 శాతముండగా, తెలంగాణలో 0.44, ఆంధ్రప్రదేశ్‌లో 0.62. ఈశాన్యపు కొండరాష్ట్రములను మినహాయించినచో మనదే ముందువరుస. మన ప్రాంతమున వ్యాధి వ్యాపించినది ముఖ్యముగా స్త్రీపురుష సంబంధము వలన. పెండ్లాడిన భర్తను తప్ప మరియొకని నెరుగని ఇల్లాండ్రు ఎందరో దానికి గురియైరి. పరీక్షలో తప్పి స్వదేశమునకు పంపబడినవాడు తిన్నగా వచ్చునది ఆ ఇల్లాలి చెంతకే. ఆమెకు వ్యాధి లేదు. వానికి మందులు ఇప్పుడే మొదలైనవి. ఈ నడిమి నెలలే ప్రమాదము.

అట్టి జంట తెలంగాణలోని ఏ జిల్లా ఆసుపత్రికో వచ్చినదనుకొందము. సలహాదారు మాట ఇట్లు సాగును.

“అక్కా, ఆయన మందులు మొదలువెట్టి ఎన్ని నెలలైంది?”

“దసరా ముంగట వెట్టిండు మేడమ్. నాలుగు నెలలైతాంది.”

“వైరల్ లోడ్ పరీక్ష చేసిండ్రా?”

“ఆర్నెల్లకు చేస్తమన్నరు.”

“గట్లయితే ఆ రిపోర్టు వచ్చేదాంక నిరోధ్ తప్పదు. నువ్వు సుత ఈ గోలీ ఏసుకునుడు మంచిదా కాదా అన్నది డాక్టర్ సార్‌తోని మాట్లాడుదాం. నీకిష్టమైతెనే.”

ఈ చివరి రెండు మాటలలో విషయసారమంతయు ఉన్నది. చికిత్స సక్రమముగా నడచి, రక్తమున క్రిమి కొలతకందని స్థితికి తగ్గి, అది స్థిరముగా నిలిచిన మనుష్యుని నుండి సంభోగము వలన మరియొకరికి వ్యాధి సోకదు. పార్ట్‌నర్ అను పేర ఐరోపాలో జరిగిన పరిశోధనలు వేలాది పర్యాయముల రక్షణలేని సంగమములను లెక్కించియు అట్లు సోకిన ఉదంతమొక్కటియు కనుగొనలేదు. కావున భర్త మందు పనిచేయుచున్నదని నిర్ధారణ యగువరకు, సాధారణముగా ఆరు నెలలు, భార్యకు ప్రెప్ ఒక వంతెన. (వంతెన దాటిన పిమ్మట దానిపైనే నిలిచియుండ నక్కరలేదు.) భర్త మందులు సరిగా వాడుటలేదను అనుమానమున్నను, నిరోధ్ వాడుటకు అతడొప్పుకొనకున్నను, బిడ్డ కావలెనన్న కోరిక యున్నను, ఆమె చేతిలోనుండు ఉపాయమిది, ఒకరి అనుమతి నాశ్రయింపనిది. గర్భము ధరించినప్పుడును, పాలిచ్చునప్పుడును వాడవచ్చును.

ఇక మొదలుపెట్టుటకు ముందు జరుగవలసిన పరీక్షలు. వీటిని దాటవేసి స్నేహితుని డబ్బాలోనుండి నాలుగు మాత్రలు అరువు తెచ్చుకొనువారు కొందరుందురు. వారు చేయునది ప్రమాదకరమైన పని. మొదటిది హెచ్.ఐ.వి. పరీక్ష. అప్పటికే సోకియుండి తెలియక ప్రారంభించినచో, ఈ రెండు మందులు చికిత్సకు చాలవు, క్రిమికి వీటిని లెక్కచేయకుండుట నేర్పుటకు మాత్రము చాలును. అందుచేతనే గత నెలలోపల అనుమానింపదగిన సంబంధముండి, జ్వరము, గొంతునొప్పి, మేనిపై దద్దురులు, గ్రంథుల వాపు కనబడినవానిని వైద్యుడు వెంటనే ప్రారంభింపనీయడు. రెండవది హెపటైటిస్ బి. ఈ మాత్ర ఆ క్రిమిని కూడ అణచియుంచును. తెలియక వాడి, తెలియక హఠాత్తుగా మానినచో కాలేయము ఒక్కుమ్మడి దెబ్బతినవచ్చును.

మూడవది మూత్రపిండముల పరీక్ష. టెనోఫోవిర్ మూత్రపిండముల ద్వారా బయటికి పోవును. వాటి శక్తి, క్రియాటినైన్ లెక్కనుబట్టి, నిమిషమునకు 60 మిల్లీలీటర్లకు తగ్గినవారికి ఈ రూపమున ఇవ్వరు. పుస్తకములలో ఇది ఒక పంక్తి. మనవారికి ఒక అధ్యాయము. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందు, కవిటి, సోంపేట, పలాస ప్రాంతములలో, కారణము తేలని మూత్రపిండవ్యాధి ఇంటింటను కనబడుట జగద్విదితము. ఆ ప్రాంతమువారు పొట్ట చేతబట్టుకొని దేశదేశములు పోవుదురు. ఖతార్‌లో జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయము పది మొదలు సాయంకాలము మూడున్నర దాక బయలు పనిని నిషేధించిన ఎండలవి. ఆ ఎండలో చెమటోడ్చి, చాలినంత నీరు త్రాగక, నడుమునొప్పికి డైక్లోఫినాక్ మ్రింగుచుండువాని మూత్రపిండములు ముందే అలసియుండును. అట్టివాడు పరీక్ష లేక ఈ మాత్రకు చేయి చాపరాదు. చాలని శక్తిగలవారిలో కొందరికి, టెనోఫోవిరునకే మరియొక రూపమైన అలాఫెనమైడ్ కలిసిన మాత్ర పనికివచ్చును. అయితే యోనిమార్గమున సోకు వ్యాధి నుండి స్త్రీలను రక్షించునని దానికి ఋజువు చాలనందున అది వారికి అంగీకరింపబడలేదు.

వాడు విధానము సులభమే. దినమునకొకటి, భోజనముతో గాని భోజనము లేక గాని. రంజాను నెలలో ఉపవాసముండువారు ఇఫ్తారునకో సహరీకో మార్చుకొనవచ్చును. రాత్రి షిఫ్టు, పగలు షిఫ్టు మారుచుండువారు గడియారమును గాక తాము నిత్యము చేయు ఒక పనిని, పండ్లు తోముట వంటిదానిని, గురుతు పెట్టుకొనుట మేలు. స్త్రీలకు ఏడుదినములు వాడిన పిమ్మటనే రక్షణ సిద్ధించును. వారి దేహకణములలో మందు నిలువ తక్కువగుటచే వారు మాత్ర తప్పుటకు వీలులేదు. పురుషులకు వేరొక పద్ధతియు కలదు: సంగమమునకు 2 మొదలు 24 గంటల ముందు రెండు మాత్రలు, తరువాత ఇరువదినాలుగు గంటలకొకటి, మరి ఇరువదినాలుగు గంటలకొకటి. ఎప్పుడో అరుదుగా అవసరపడువానికి ఇది చాలును. మొదటి వారములలో కొందరికి వికారము, తలనొప్పి, కడుపుబ్బరము కలిగి తమంతట తగ్గిపోవును. ఎముకల సాంద్రత కొంచెము తగ్గవచ్చును. మానిన పిదప తిరిగి కోలుకొనును. మాత్రను మానక వాడినచో సంభోగమువలన సోకు ప్రమాదము సుమారు 99 శాతము తగ్గును. అయితే సవాయి, సెగ, గర్భము, ఇవేవియు దీనిచేత ఆగవు. వాటికి నిరోధ్ నిరోధే.

ముందు జాగ్రత్త పడక, జరుగరానిది జరిగిపోయిన తరువాత మేల్కొనువానికి ప్రెప్ పనికిరాదు. వానికి వేరు మార్గమున్నది: 72 గంటలలోపల, ఎంత త్వరగానైన అంత మంచిది, మూడుమందుల చికిత్స ప్రారంభించి 28 దినములు వాడుట. దానిని పెప్ అందురు. ఇట్లు రెండు మూడుసార్లు పరుగెత్తవలసివచ్చినవాడు తనకు ప్రెప్ కాలము వచ్చినదని గ్రహింపవలెను.

ఇపుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌వాని అసలు చిక్కునకు వత్తము. ప్రెప్ వాడువాడు మూడు నెలలకొకసారి హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకొనవలెను; మూత్రపిండముల పరీక్షయు అపుడపుడు కావలెను. పేటలోనే ప్రభుత్వపు ఎయిర్‌పోర్ట్ ఆరోగ్యకేంద్రమున్నది. అంటువ్యాధులకై హమద్ వైద్యసంస్థవారి ప్రత్యేక కేంద్రము 2016 నుండి నగరమున నడచుచున్నది. కొరత భవనములది కాదు. వివాహేతర సంబంధమును, పురుషుల మధ్య సంబంధమును నేరములుగా పరిగణించు దేశములో, పరీక్ష చెడినచో ఉద్యోగమే పోవు దేశములో, వైద్యుని ఎదుట కూర్చుండి తన ఏకాంత జీవితమును విప్పిచెప్పుటకు ప్రవాసికి నోరాడదు. ఈ సంకటమును కప్పిపుచ్చి మాత్ర తెచ్చుకొమ్మని సలహా ఇచ్చుట నాకు సమ్మతము కాదు.

నా ఎరుకలో మేలైన దారి, ఈ సంభాషణను సెలవులో స్వదేశమున జరుపుట. ఇచట 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు నుండి అమలులోనున్నది. అనుమతి లేక పరీక్షచేయుటను, సంగతి బయటపెట్టుటను అది నిషేధించినది. 1097 అను ఉచిత నంబరునకు ఫోను చేసినచో దగ్గరి పరీక్షాకేంద్రమును చెప్పుదురు. వైద్యుడు ఒప్పి మాత్రలు వ్రాసినచో, తీసికొనిపోవువాడు డబ్బాను మార్చక, మందు పూర్తిపేరుతో సంతకము, ముద్ర గల చీటీని వెంటనుంచుకొనవలెను. ట్రామడాల్, ఆల్ప్రాజోలామ్ వంటివాటితో దోహా విమానాశ్రయమున పట్టుబడి చెరసాల పాలైన మనవారి ఉదంతములు భారత రాయబార కార్యాలయపు హెచ్చరికలకు కారణమైనవి. ఈ మాత్ర మత్తుమందుల వర్గమునకు చెందకున్నను చీటీలేని మందు ఏదియైనను అనుమానమునకు తావిచ్చును. మూడు నెలల పరీక్షకు తనకు దారిలేదని ముందే తెలిసినవాడు దీర్ఘకాలము వాడుటకు ఉపక్రమింపకుండుటయే మంచిది. సెలవు దినములకు మాత్రము వాడుకొని, తక్కిన కాలమున నిరోధునో సంయమమునో నమ్ముకొనుట వానికి క్షేమము. పరీక్ష చెడునేమోయని పరీక్షనే మానుట అన్నిటికంటె చెడ్డది. పంపివేసినను, 2004 నుండి మన ఏ.ఆర్.టి. కేంద్రములలో చికిత్స ఉచితము. ఆలస్యముగా వచ్చినవానిని ఉచితచికిత్సయు పూర్తిగా ఆదుకొనలేకపోవచ్చును.

డబ్బా దాచు బాధ లేని మార్గములును వచ్చుచున్నవి. రెండు నెలలకొక సూదిమందుగా కాబొటెగ్రవిర్ 2021లో అమెరికాలో అంగీకారము పొందినది. ఆరు నెలలకొకసారి చర్మము క్రింద ఇచ్చు లెనకాపవిర్ మరింత ఆశ్చర్యకరము: దక్షిణాఫ్రికా, ఉగాండాలలో 2024లో ఫలితములు వెలువడిన పరీక్షలో ఈ సూదిమందు పొందిన 2,134 మంది యువతులలో ఒక్కరికిని వ్యాధి సోకలేదు. 2025 జూన్‌లో అమెరికా, జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని స్వీకరించినవి. అమెరికాలో దాని వెల సంవత్సరమునకు 28 వేల డాలర్లకు పైమాట; హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్, హెటిరో సంస్థలు 2027 నుండి బీదదేశములకు సంవత్సరమునకు 40 డాలర్ల ప్రాంతమున ఇచ్చుటకు ఒప్పందములు చేసికొన్నవి. బెడ్‌స్పేస్ మనుష్యునకు ఇది వరమే, కాని ఒక పేచీ ఉన్నది: సూది ఆరు నెలలకు, సెలవు రెండేండ్లకు. ఎవరైన ఈ రెండు పంచాంగములను కలుపవలసియున్నది.

మన దేశమున కొలకతా వేశ్యావాటిక యగు సోనాగాచీలోను, మైసూరులోను ఈ మాత్రను మొదట పరీక్షించినప్పుడు, మందును మనుష్యునకు చేర్చు అట్టి పనిని దర్బార్, అశోదయ అను సంఘములు చేసినవి; అవి లైంగికవృత్తిలోనివారే నడపుకొను సంఘములు. తోటివారే ఇంటికి వచ్చి మాత్ర ఇచ్చి, వికారమెట్లున్నదని అడిగినందున అక్కడి స్త్రీలలో పెక్కురు మానక వాడిరి. ‘వాయిస్’ విఫలమైనచోట ఇది ఫలించుటలో మందు గొప్పతనమేమియు లేదు, మందు అదియే. దోహాలో తెలుగు సంఘములకు కొదువలేదు. ఉగాదికి కవిసమ్మేళనములు, దసరాకు బతుకమ్మలు ఘనముగా జరుపుచున్నారు. వారి రక్తదాన శిబిరములలో ఒక మూల, నాలుగు మాటలు చెప్పగల వైద్యుడొకడు కూర్చుండుట అసాధ్యము కాదు.

మానుట యెట్లో చెప్పి విరమింతును, ఏలననగా మొదలుపెట్టుటను గూర్చి చెప్పువారు దీనిని తరచుగా మరతురు. భర్త రిపోర్టులో క్రిమి కనబడుటలేదని రెండు పర్యాయములు వచ్చినను, ఒకే నమ్మకమైన తోడు దొరికి ఇద్దరును పరీక్ష చేయించుకొన్నను, లేక జీవితమే మారినను, ప్రెప్ పని ముగిసినట్లే. అప్పుడు స్త్రీ ఆఖరి సంగమము తరువాత ఏడు దినములును, పురుషుడు రెండు దినములును మాత్రను కొనసాగించి, హెచ్.ఐ.వి. పరీక్ష మరియొకసారి చేయించుకొని నిలుపవచ్చును. హెపటైటిస్ బి ఉన్నవారు మాత్రము వైద్యునికి చెప్పక ఒక్కదినమైనను మానరాదు. మిగిలిన మాత్రలను ఇతరులకు పంచిపెట్టక ఆసుపత్రికే తిరిగి ఇచ్చివేయవలెను.